బొమ్మలను అమ్మిన బొమ్మలు: ఫిల్మేషన్ స్టూడియో కథ

ఈ శీర్షిక కింద ఇంతవరకు టర్బైన్ల గురించి, వంతెనల గురించి, బ్లాస్టు ఫర్నేసుల గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి విషయం కార్టూన్లని చెబితే కొందరు మిత్రులు నవ్వవచ్చును. "మీకు పదవీ విరమణ దగ్గరపడింది, అందుకే బాల్యం గుర్తుకు వస్తోంది" అని మా విభాగంలోని ఒక చిరంజీవి ఇప్పటికే అననే అన్నాడు. కాని ఇది కూడా ఒక కర్మాగారం కథే. ఇందులోనూ ముడిసరుకు ఉన్నది, ఉత్పత్తి ప్రణాళిక ఉన్నది, తప్పిపోరాని డెలివరీ తేదీలున్నవి, కూలి తక్కువగా ఉన్న దేశాలతో పోటీ ఉన్నది. చివరకు గేటు మూసివేత కూడా ఉన్నది. ఆ మూసివేత జరిగిన తేదీని గురించి తెలిసినప్పటినుంచి ఈ కథ రాయాలని నాకు అనిపిస్తూనే ఉన్నది.

1980వ దశకపు చివరి సంవత్సరాలలో దూరదర్శన్‌లో "హీ-మ్యాన్" అనే అమెరికన్ కార్టూను ప్రసారమైన సంగతి, ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్న పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కండలు తిరిగిన రాజకుమారుడు, పుర్రె ముఖంతో స్కెలెటార్ అనే ప్రతినాయకుడు, పిరికి పులి ఒకటి. కత్తి పైకెత్తగానే రాకుమారుడు మహావీరుడవుతాడు, పిరికి పులి యుద్ధవ్యాఘ్రమవుతుంది. ఆ రోజులలో నేను ఇంజనీరింగు చదువుతున్నాను. మా తమ్ముడు ప్లాస్టిక్ స్కేలు పైకెత్తి ఇల్లంతా తిరిగేవాడు. వాడికి కనిపించినది వీరుడు. నాకు కనిపించినది మరొకటి: వారం వారం అదే పరుగు, అదే దూకుడు, అదే ముఖం అదే కోణంలో. వేసిన బొమ్మనే మళ్ళీ వేస్తున్నారని అప్పుడు అనుకున్నాను. వాస్తవానికి మళ్ళీ వేయడం కూడా లేదు, వేసి భద్రపరచినదానినే మళ్ళీ వాడుతున్నారు. ఆ పనిని ఒక శాస్త్రంగా మలచిన సంస్థ పేరు ఫిల్మేషన్.

ఆ సంస్థను 1962లో లూ షైమర్, హాల్ సదర్లాండ్, నార్మ్ ప్రెస్కాట్ అనే ముగ్గురు కాలిఫోర్నియాలో స్థాపించారు. షైమర్, సదర్లాండ్ ఇద్దరూ అంతకు ముందు ఒక చిన్న కార్టూను సంస్థలో సహోద్యోగులు. ప్రెస్కాట్ బోస్టన్ నగరంలో రేడియో వ్యాఖ్యాతగా పేరు పొందినవాడు. షైమర్ స్వస్థలం పిట్స్‌బర్గ్, అనగా అమెరికా ఉక్కునగరం. అక్కడి కార్నెగీ సాంకేతిక విద్యాలయంలో చిత్రకళ చదివి పడమటి తీరానికి చేరాడు. మొదటి మూడు నాలుగేళ్ళు సంస్థ పరిస్థితి ఏమంత చెప్పుకోదగినది కాదు. మొదలుపెట్టిన పూర్తి నిడివి చిత్రం ఒకటి డబ్బు లేక ఆగిపోయి, దాదాపు పదేళ్ళ తరువాత గాని తెరకెక్కలేదు.

1966లో "సూపర్‌మ్యాన్" కార్టూను కాంట్రాక్టు దొరికిన వైనాన్ని షైమర్ తరువాతి రోజులలో సరదాగా చెప్పుకునేవాడు. కాంట్రాక్టు ఇచ్చే ముందు స్టూడియోను స్వయంగా చూడటానికి డీసీ కామిక్స్ తరఫున ఒక పెద్దమనిషి వస్తానన్నాడట. స్టూడియోలో బల్లలున్నవి గాని మనుషులు లేరు. షైమర్ ఇతర స్టూడియోలలో పనిచేస్తున్న స్నేహితులందరినీ ఆ పూటకు పిలిపించి, బల్లల ముందు కూర్చోబెట్టి, పెన్సిళ్ళు చేతికిచ్చాడట. వచ్చిన పెద్దమనిషి ఆ సందడి చూసి సంతృప్తి చెంది వెళ్ళాడు. మన వద్ద తనిఖీ బృందం వచ్చే ముందు రోజు గోడలకు సున్నం వేయించి, పనిచేయని యంత్రాలకు సైతం రంగు పూయించిన అనుభవం ఉన్నవారెవరూ షైమర్‌ను మరీ తప్పు పట్టలేరు.

కాంట్రాక్టు వచ్చిన తరువాత పని మాత్రం నిజంగానే చేశారు. 1968లో "ఆర్చీ" కార్టూను వచ్చింది. అందులోని కల్పిత బృందం పేరు మీద 1969లో విడుదలైన "షుగర్, షుగర్" అనే పాట ఆ సంవత్సరం అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. లేని గాయకుల పాట అంతగా అమ్ముడుపోవడం ఆ రోజులలో వింతే. 1972లో నల్లజాతి పిల్లల జీవితం ఆధారంగా "ఫ్యాట్ ఆల్బర్ట్", 1973లో "స్టార్ ట్రెక్" కార్టూను రూపం వెలువడ్డాయి. స్టార్ ట్రెక్ 22 భాగాలతోనే ఆగినా 1975లో దానికి ఎమ్మీ పురస్కారం లభించింది. ఆ కార్యక్రమాల పేర్ల జాబితా వచ్చేటప్పుడు ప్రెస్కాట్, షైమర్ ఇద్దరి పేర్లూ ఒక చక్రంలా గుండ్రంగా తిరుగుతూ కనిపించేవి. ఎవరి పేరు ముందు రావాలన్న తగవు తీర్చడానికి కనిపెట్టిన ఉపాయమది. భాగస్వామ్య సంస్థలలో ఇంతకన్నా చవకైన పరిష్కారాన్ని నేను చూడలేదు.

ఇక సాంకేతిక విషయానికి వద్దాము. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున కదులుతుంది. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోగా మిగిలేది సుమారు 22 నిముషాలు. అనగా 31,680 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినా 15,840 బొమ్మలు కావాలి. ప్రతి బొమ్మనూ పెన్సిలుతో గీసి, సెల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీదికి ఎక్కించి, వెనుకవైపు రంగులు నింపి, నేపథ్య చిత్రం మీద పరచి, నిలువుగా బిగించిన కెమెరాతో ఒక్కొక్క ఫ్రేముగా తీయాలి. డిస్నీ సంస్థ పూర్తి నిడివి చిత్రానికి ఇంత శ్రమ పడగలదు, దానికి ఏళ్ళ వ్యవధి ఉన్నది. వారం వారం టెలివిజనుకు సరుకు అందించవలసినవాడికి అది అసాధ్యం.

అందువల్ల టెలివిజన్ కార్టూన్లవారందరూ పరిమిత కదలికల పద్ధతిని అవలంబించారు. శరీరం కదలదు, నోరు మాత్రమే కదులుతుంది. మనిషి నిలిచి ఉంటాడు, వెనుక నేపథ్యం జరుగుతుంది. ఫిల్మేషన్ ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళింది. ఒక పాత్ర నడక, పరుగు, వెనుదిరగడం, నవ్వడం, దూకడం వంటి ముఖ్యమైన కదలికలన్నిటినీ మొదటే శ్రద్ధగా, ఖర్చుకు వెనుకాడకుండా చిత్రించి, వాటికి సంఖ్యలు వేసి భాండాగారంలో భద్రపరచింది. తరువాతి కథలన్నిటిలోనూ వాటినే కొత్త నేపథ్యాల మీద వాడుకున్నది. మన స్టోర్స్ విభాగం పద్ధతి కూడా ఇదే కదా! ప్రతి యంత్రానికీ కొత్త బోల్టు రూపకల్పన చేసుకోము. ప్రామాణికమైన బోల్టు, బేరింగు, సీలు అరలో ఉంటాయి. డ్రాయింగులో వాటి సంఖ్య వేస్తే చాలును.

"హీ-మ్యాన్" కోసం ఆ ప్రామాణిక కదలికలలో చాలావాటిని నిజమైన మనుషులను కెమెరా ముందు నడిపించి, పరుగెత్తించి, ఆ ఫిల్ము మీద రేఖలు దిద్ది తయారు చేశారు. ఈ పద్ధతిని రోటోస్కోపింగ్ అంటారు. చవకబారు కార్టూనులో సైతం హీ-మ్యాన్ నడకకు శరీర భారం ఉన్నట్లు అనిపించడానికి కారణం అదే. ఈ పద్ధతిని విమర్శకులు ఎగతాళి చేశారు. చూసిందే చూడవలసి రావడం నిజంగా విసుగే, కాదనను. కాని పొదుపు చేసిన చోట పొదుపు చేసి, ఆ మిగులుతో ఏమి సాధించారో కూడా చూడాలి. అది చాలామంది విమర్శకులు చూడలేదు. షైమర్ సాధించదలచినది ఒక్కటే: పని అమెరికాలోనే, తన చిత్రకారుల చేతనే చేయించడం.

1970ల నుంచే అమెరికన్ కార్టూను సంస్థలు గీత పనిని, రంగుల పనిని జపాను, తైవాను, కొరియా దేశాలకు పంపడం మొదలుపెట్టాయి. 1979లోను, 1982లోను అక్కడి చిత్రకారుల సంఘం ఈ విషయం మీదనే సమ్మెకు దిగింది. షైమర్ మాత్రం బయటకు పంపనని పట్టుబట్టాడు. 1981లో "జోరో" కార్యక్రమాన్ని ఒక జపాను సంస్థకు అప్పగించినది మినహాయింపు. తక్కినదంతా లాస్ ఏంజిలస్ శివార్లలోని లోయ ప్రాంతంలో, తన కప్పు కిందనే జరిగింది. ఒకే కదలికను పదే పదే వాడటమన్నది కేవలం పిసినారితనం కాదు. బయటి కూలి రేట్లతో పోటీపడటానికి ఆయన ఎంచుకున్న మార్గం అది. చేసే బొమ్మల సంఖ్యను తగ్గిస్తే చేసే మనుషులను నిలుపుకోవచ్చునన్నది ఆయన లెక్క.

ఇప్పుడు బొమ్మల కంపెనీ రంగప్రవేశం చేస్తుంది. మ్యాటెల్ అనే సంస్థ 1945లో ప్రారంభమైనది. బార్బీ బొమ్మతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1970లలో "స్టార్ వార్స్" సినిమా బొమ్మలను చేసే అవకాశాన్ని ఈ సంస్థ చేజార్చుకోగా, కెన్నర్ అనే మరొక కంపెనీ అందుకుని లాభాలు గడించింది. ఆ నష్టం పూడ్చుకోవడానికి మ్యాటెల్ రూపకర్తలు సొంతంగా ఒక వీరుడిని సృష్టించారు. 1982లో హీ-మ్యాన్ బొమ్మలు అంగళ్ళకు వచ్చాయి. ఐదున్నర అంగుళాల ఎత్తు, వంగిన మోకాళ్ళు, నడుము తిప్పి వదిలితే గుద్దు విసిరే స్ప్రింగు. ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. సాధారణంగా కథ ముందు, బొమ్మ తరువాత. ఇక్కడ బొమ్మ ముందు పుట్టింది, దానికి కథ వెతకవలసి వచ్చింది. ఆ కథ కోసం మ్యాటెల్ ఫిల్మేషన్ తలుపు తట్టింది.

దీనికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది అప్పటి ప్రశ్న. 1969లో ఇదే మ్యాటెల్ తన "హాట్ వీల్స్" బుల్లి కార్ల పేరిట ఒక కార్టూను ప్రసారం చేయించింది. పోటీ కంపెనీ ఒకటి అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. అది కార్యక్రమం ముసుగులో ఉన్న ప్రకటన అని భావించిన ఆ సంస్థ, అందులో కొంత భాగాన్ని ప్రకటనల సమయం కింద లెక్కించాలన్నది. ఆ తరువాత పుష్కరకాలం పాటు ఎవరూ అటువంటి సాహసం చేయలేదు. 1981లో రీగన్ ప్రభుత్వం నియమించిన అధ్యక్షుడు మార్క్ ఫౌలర్ దృక్పథం వేరు. ఆయన దృష్టిలో టెలివిజను కూడా రొట్టెలు కాల్చే టోస్టరు వంటి మరొక గృహోపకరణమే, కాకపోతే బొమ్మలు చూపిస్తుంది. గాలివాటం గమనించిన కంపెనీలు ముందడుగు వేశాయి. 1984లో నిబంధనలను అధికారికంగానే సడలించారు.

పెద్ద నెట్‌వర్కులు హీ-మ్యాన్‌ను తీసుకోలేదు. దానితో షైమర్ మరొక దారి పట్టాడు. అప్పటికి ఫిల్మేషన్ సొంత సంస్థ కాదు. 1969లో టెలీప్రాంప్టర్ అనే కేబుల్ కంపెనీ దానిని కొన్నది. 1981లో ఆ కంపెనీని వెస్టింగ్‌హౌస్ కొన్నది. అవును, విద్యుత్ రంగంలో పనిచేసిన మిత్రులందరికీ సుపరిచితమైన ఆ వెస్టింగ్‌హౌసే. ఆల్టర్నేటింగ్ కరెంటు చరిత్రలో, జనరేటర్ల నేమ్‌ప్లేట్ల మీద మనం చదువుకున్న ఆ పేరు, షైమర్ పుట్టిన పిట్స్‌బర్గ్ నగరంలోనే వెలసిన ఆ సంస్థ, తన ప్రసార విభాగం ద్వారా ఒక కార్టూను స్టూడియోకు యజమాని అయింది. ఆ విభాగం హీ-మ్యాన్‌ను నెట్‌వర్కులను దాటవేసి నేరుగా స్థానిక స్టేషన్లకు అందించింది. పద్ధతి వస్తుమార్పిడి వంటిది. స్టేషను కార్యక్రమాన్ని ప్రసారం చేస్తుంది, బదులుగా కొన్ని ప్రకటన నిముషాలను సరఫరాదారుకు వదులుతుంది. వాటిని అమ్ముకుని సరఫరాదారు తన ఖర్చు రాబట్టుకుంటాడు.

ఈ ఏర్పాటుకు వారానికి ఐదు రోజులు, సోమవారం నుంచి శుక్రవారం వరకు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు సరుకు కావాలి. పదమూడు వారాలకు 65 భాగాలు. అంతవరకు శనివారం ఉదయపు కార్యక్రమాలకు ఏడాదికి పదమూడో, పదహారో భాగాలు చేస్తే సరిపోయేది. ఒక్కసారిగా ఉత్పత్తి నాలుగైదు రెట్లు! 65 భాగాలంటే 1,430 నిముషాలు, దాదాపు 24 గంటల చిత్రం. అంతా కొత్తగా గీయాలంటే, పైన వేసిన లెక్క ప్రకారం, పది లక్షలకు పైబడిన బొమ్మలు. భాండాగారంలో కదలికలు నిలువ ఉండబట్టే ఫిల్మేషన్ ఆ పనికి ఒప్పుకోగలిగింది. 1983 సెప్టెంబరులో ప్రసారం మొదలయింది. మరుసటి ఏడాది ఇంకొక 65. మొత్తం 130 భాగాలు.

వీటిని వట్టి ప్రకటనలని కొట్టివేసినవారు అప్పుడే ఉన్నారు. బోస్టన్‌లో పెగ్గీ చారెన్ అనే గృహిణి 1968లో ప్రారంభించిన పిల్లల టెలివిజన్ ఉద్యమం ఈ బాపతు కార్యక్రమాలన్నిటి మీదా తీవ్రంగా పోరాడింది. ఆమె వాదనలో న్యాయమున్నది. ఏది కథో, ఏది అమ్మకమో ఐదేళ్ళ పసివాడికి ఎలా తెలుస్తుంది? ఆ పోరాటం ఫలించి 1990లో పిల్లల టెలివిజన్ చట్టం వచ్చింది. అయితే స్టూడియోవారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకరిని సలహాదారుగా పెట్టుకున్నారు. హీ-మ్యాన్ చేతిలో అంత పెద్ద కత్తి ఉన్నా దానితో మనిషిని నరకడు. ఎత్తి నీటిమడుగులో పడవేస్తాడు, అంతే. ప్రతి భాగం చివరా ఒక పాత్ర వచ్చి పిల్లలకు ఒక హితవు చెబుతుంది. ఆ హితవులు బొమ్మ అమ్మకానికి పూసిన చక్కెర పూత అని కొందరన్నారు. నా మట్టుకు నాకు అది నిజాయితీగా చేసిన పనే అనిపిస్తుంది. అమ్మకం కోసమే అయితే అంత కష్టపడనవసరం లేదు. షైమర్ స్వయంగా ఓర్కో అనే పొట్టి మాంత్రికుడికి గొంతు ఇచ్చాడు. ఖర్చు తగ్గించే నిమిత్తం ఇంకా అనేక చిన్న పాత్రలకు కూడా ఆయనే గొంతు మార్చి మాట్లాడేవాడు. కంపెనీ అధిపతి మారుపేరుతో డబ్బింగు చెప్పడం మన సినిమా లోకంలోనూ అరుదే.

1985లో బాలికల కోసం హీ-మ్యాన్ కవల సోదరి "షీ-రా"ను తీసుకువచ్చారు. 93 భాగాలు. మ్యాటెల్ ఆ బొమ్మలకు దువ్వుకోవడానికి వీలైన జుట్టు పెట్టింది. అప్పటికి ఫిల్మేషన్ పేరు పిల్లలున్న ప్రతి అమెరికన్ ఇంటా తెలుసు. తరువాతి రోజులలో పెద్ద పేరు తెచ్చుకున్న పాల్ డినీ, జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ వంటి రచయితలు ఆ రోజులలో అక్కడ కథలు రాస్తుండేవారు.

పతనం కూడా అదే వేగంతో వచ్చింది. దానికి ఒక్క కారణం చెప్పడం కష్టం. మొదటిది పోటీ. హాస్‌బ్రో కంపెనీ 1983లో "జి.ఐ. జో", 1984లో "ట్రాన్స్‌ఫార్మర్స్" తెచ్చింది. 1985లో "థండర్‌క్యాట్స్" వచ్చింది. ఇవన్నీ గీత పనిని జపాను, కొరియా స్టూడియోలలో చేయించుకున్నవి. అక్కడివారు తక్కువ ఖర్చుకు, భాండాగారం అవసరం లేకుండానే, కొత్త కదలికలు గీసి ఇస్తున్నారు. షైమర్ ఏ పద్ధతితో కూలి రేట్లను ఎదుర్కొన్నాడో ఆ పద్ధతే ఇప్పుడు ఆయన సరుకును పాతగా కనిపించేట్లు చేసింది. పక్కపక్కనే చూస్తే పిల్లవాడికి కూడా తేడా తెలుస్తుంది.

రెండవది బొమ్మల బజారే. 1986లో 40 కోట్ల డాలర్లకు చేరిన హీ-మ్యాన్ శ్రేణి అమ్మకాలు 1987లో 70 లక్షల డాలర్లకు పడిపోయినట్లు ఆ పరిశ్రమ చరిత్ర రాసినవారు చెబుతారు. ఇంత పతనం ఎలా సంభవమని ఆశ్చర్యపోనవసరం లేదు. సరుకు పెరుగుతున్నంత కాలం కంపెనీ లెక్కలలో కనిపించేది పిల్లలు కొన్నది కాదు, దుకాణాలు నింపుకున్నది. అరలు నిండే వరకు ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. నిండిన మరునాడు ఒక్కసారిగా ఆగిపోతాయి. స్టోర్స్‌లో స్పేర్ పార్టులు పేరుకుపోయిన సంవత్సరం తరువాత కొనుగోలు విభాగం ఏమి చేస్తుందో చూసినవారికి ఇది కొత్త కాదు. అదే 1987లో డాల్ఫ్ లండ్‌గ్రెన్ హీ-మ్యాన్‌గా వచ్చిన సినిమా కూడా ఆదుకోలేకపోయింది.

మూడవది, స్టూడియో వేసిన కొత్త అడుగులేవీ కుదురుకోకపోవడం. 1975లో ఫిల్మేషన్ "ఘోస్ట్ బస్టర్స్" పేరుతో మనుషులు నటించిన ఒక హాస్య కార్యక్రమం తీసింది. 1984లో కొలంబియా సంస్థ అదే పేరుతో సినిమా తీసి కోట్లు గడించింది. పేరు వాడుకునే హక్కు ఫిల్మేషన్ నుంచి తీసుకున్నది గాని, కార్టూను పని మాత్రం వేరొక స్టూడియోకు ఇచ్చింది. షైమర్ తన పాత కార్యక్రమాన్నే 1986లో 65 భాగాల కార్టూనుగా తీశాడు. అవతలివారు తమ కార్టూనుకు "అసలైన ఘోస్ట్‌బస్టర్స్" అని పేరు పెట్టుకున్నారు. పేరు ముందు పెట్టుకున్నవారు నకిలీ అయ్యారు, తరువాత వచ్చినవారు అసలైనారు! బొమ్మల దుకాణంలో తల్లిదండ్రులు దేనిని కొనాలో తెలియక తికమకపడిన సందర్భాలు అనేకం.

1987లో "బ్రేవ్‌స్టార్" వచ్చింది. సుదూర గ్రహం మీద శాంతిభద్రతలు కాపాడే అమెరికన్ ఆదివాసి వీరుడి కథ. ఫిల్మేషన్ చేసిన వాటిలో గీతలోను, కథలోను ఇదే ఉత్తమమని నా అభిప్రాయం. కాని మ్యాటెల్ బొమ్మలు అంగళ్ళకు ముందే వచ్చేశాయి, కార్యక్రమం తరువాత గాని రాలేదు. పేరు తెలియని వీరుడి బొమ్మను ఏ పిల్లవాడు అడుగుతాడు? కార్యక్రమం మొదలయ్యేనాటికే దుకాణదారులు ఆ బొమ్మలను మరచిపోయారు. 65 భాగాలతో అది ముగిసింది. అదే ఏడాది చివర పినోకియో కథను కొనసాగిస్తూ తీసిన సినిమాపై డిస్నీ సంస్థ కోర్టుకెక్కింది. కార్లో కోలోడి 1883లో ప్రచురించిన ఆ పుస్తకం మీద అప్పటికి ఎవరికీ హక్కు లేకపోవడంతో చిత్రం విడుదల ఆగలేదు గాని, పెట్టిన డబ్బు మాత్రం వెనక్కు రాలేదు.

ఒక పెద్ద విద్యుత్ కంపెనీ ఆస్తుల పట్టికలో నష్టంలో ఉన్న కార్టూను స్టూడియో ఎంతకాలం ఉంటుంది? వెస్టింగ్‌హౌస్ దానిని అమ్మకానికి పెట్టింది. కొన్నవారు సౌందర్య సాధనాలు తయారుచేసే ఫ్రెంచి సంస్థ లోరియాల్ నాయకత్వంలోని ఒక మదుపుదారుల కూటమి. సబ్బులు, షాంపూలు అమ్మేవారికి కార్టూన్లతో పనేమిటంటే, ఐరోపాలో అప్పుడప్పుడే విస్తరిస్తున్న టెలివిజన్ ఛానళ్ళకు తయారుగా ఉన్న పాత చిత్రాలు కావాలి. వారు కొనదలచినది భాండాగారాన్ని, బల్లల ముందు కూర్చున్న మనుషులను కాదు.

ఇక తేదీ సంగతి. 1988లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. నూరుగురు లేదా అంతకు మించి ఉద్యోగులున్న యజమాని సంస్థను మూసివేసేటప్పుడు 60 రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలన్నది దాని సారాంశం. అధ్యక్షుడు రీగన్ దానికి సంతకం చేయలేదు, కాని అడ్డుకోనూ లేదు. సంతకం లేకుండానే చట్టమయింది. అది అమలులోకి రావలసిన తేదీ 1989 ఫిబ్రవరి 4, శనివారం. ఫిల్మేషన్‌ను ఫిబ్రవరి 3, శుక్రవారం నాడు మూసివేశారు. రెండువందల మందికి పైగా చిత్రకారులు, రంగులు నింపేవారు, కెమెరా నిపుణులు, ఎడిటర్లు ఆ శుక్రవారం సాయంత్రానికి నిరుద్యోగులు. మరొక్క రోజు ఆగి ఉంటే రెండు నెలల వ్యవధి వారికి హక్కుగా దక్కేది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి, నేను వేరే వ్యాఖ్య చేయనక్కరలేదు.

మన దేశంలో మూసివేతకు 60 రోజుల ముందస్తు నోటీసు అనే ఏర్పాటును పారిశ్రామిక వివాదాల చట్టంలో 1972లోనే చేర్చారు. అయినా చట్టమున్నంత మాత్రాన అన్ని గేట్లూ తెరచి ఉండలేదు. మా బంధువొకాయన పనిచేసిన ఒక ప్రైవేటు మిల్లులో సోమవారం ఉదయం షిఫ్టుకు వెళ్ళినవారికి తాళం కప్ప కనిపించింది. ఆయన టిఫిను డబ్బా ఇంటికి తెచ్చి, విప్పకుండానే వంటింట్లో పెట్టిన సంగతి మా పిన్ని ఇప్పటికీ చెబుతూ ఉంటుంది.

స్టూడియో మూసేనాటికి "స్నో వైట్" కథకు కొనసాగింపుగా తీసిన సినిమా ఒకటి ప్రేక్షకుల ముందుకు రాకుండా ఉండిపోయింది. అమెరికాలో 1993లో గాని విడుదల కాలేదు, విడుదలైనా నిలవలేదు. ప్రెస్కాట్ 1980ల ఆరంభంలోనే వైదొలిగాడు, 2005లో మరణించాడు. షైమర్ తరువాత సొంతంగా చిన్న సంస్థ నడపడానికి ప్రయత్నించాడు గాని పూర్వ వైభవం రాలేదు. 2012లో తన జ్ఞాపకాలను పుస్తకంగా వెలువరించి, 2013 అక్టోబరు 17న, మరి రెండు రోజులలో 85వ పుట్టినరోజు ఉందనగా, కన్నుమూశాడు. హాల్ సదర్లాండ్ 2014 జనవరిలో ఆయనను అనుసరించాడు. వారి పాత్రలు మాత్రం చేతులు మారుతూ బ్రతికే ఉన్నాయి. 2018లో "షీ-రా"ను, 2021లో "హీ-మ్యాన్"ను కొత్తగా తీసి నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేశారు.

భాండాగారం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మనుషులను వదులుకుని మరీ కొన్న సొత్తు కదా అది. ఆ చిత్రాలు 1990లలో హాల్‌మార్క్ సంస్థ చేతికి వచ్చాయి. ఆ సంస్థ వాటిని ఐరోపా పద్ధతియైన పాల్ ప్రమాణంలో డిజిటల్ రూపానికి మార్చి, అసలు ఫిల్ము ప్రతులను పారవేసింది. 2004లో బ్రిటిష్ సంస్థ ఒకటి ఆ హక్కులు కొనుక్కుని చూసుకునేసరికి, చాలా కార్యక్రమాలకు మిగిలినవి ఈ డిజిటల్ ప్రతులే. ఫిల్ము నడిచేది సెకనుకు 24 ఫ్రేములతో, పాల్ నడిచేది 25తో. ఫ్రేముకు ఫ్రేము ఎక్కించినందున చిత్రమంతా నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది, పాత్రల గొంతులు పిసరంత సన్నబడతాయి. 22 నిముషాల భాగం 21 నిముషాల 7 సెకన్లకే అయిపోతుంది. ఎప్పుడైనా పాత కార్టూను డీవీడీ చేతికి వచ్చి, హీ-మ్యాన్ గొంతు చిన్ననాడు విన్నదానికన్నా కీచుగా ఉన్నదేమని అనుమానం వస్తే, మీ చెవులను శంకించకండి. ఆ 53 సెకన్ల తేడా నిజమే.